అత్తయ్యగారి కాసులపేరు – మా పాత అంబాసిడర్

మా పెరట్లో వేపచెట్టు కొమ్మకి దాదాపు ఏడాది పాటు చైను కప్పీ వేలాడింది. దారిన పోయేవాళ్ళు ఆగి, "ఏమండీ, బావి పూడిక తీయిస్తున్నారా?" అని అడిగేవాళ్ళు. "కాదండీ, కారు ఇంజను మారుస్తున్నాం" అంటే, వినకూడని మాటేదో విన్నట్టు మొహం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. వంటలు, ముగ్గులు, చిట్కాల మధ్య ఈ కారు ఇంజను గొడవేమిటని మీకూ అనిపించవచ్చు. కాస్త ఓపిగ్గా చివరిదాకా చదవండి. ఇది కారు కథే గాని, ఇందులో మన ఆడవాళ్ళ సంగతి కూడా ఉంది.

మాది ముదినేపల్లి. గుడివాడ నుంచి కైకలూరు వెళ్ళే దారిలో ఉంటుంది. 2022లో జిల్లాలు మార్చినప్పుడు మమ్మల్ని ఏలూరు జిల్లాలో కలిపారు గాని, మా నోటికి ఇంకా కృష్ణా జిల్లా అనే వస్తుంది. నేను గుడివాడలో ఇంటర్ చదివి, 2000 సంవత్సరంలో ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. వచ్చిన రోజు నన్ను ఊరి పొలిమేర నుంచి ఇంటిదాకా తీసుకొచ్చింది మా మావయ్యగారి అంబాసిడర్ కారే. 1968 మోడలు. పాలమీగడ రంగు. పెళ్ళిపట్టుచీరకి డీజిలు వాసన పట్టిందని నాలో నేను గింజుకోవడం ఇప్పటికీ గుర్తు.

ఆ కారుని మావయ్యగారు 1975లో గుడివాడలో ఒక డాక్టరు గారి దగ్గర పాతదే కొన్నారట. అప్పట్లో చుట్టుపక్కల ఊళ్ళల్లో కారున్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్క. ఎవరింట్లో పురుడొచ్చినా, ఎవరికి పాము కరిచినా అర్ధరాత్రి మా తలుపే కొట్టేవాళ్ళని అత్తయ్యగారు చెబుతారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చి పది వేల మందికి పైగా పోయినప్పుడు, మా ఊరి వాళ్ళు వండిన పులిహోర పొట్లాలు, పాత చీరలు, దుప్పట్లు ఈ కారులో వేసుకుని, చెట్లు పడిపోయిన రోడ్ల మీద పోగలిగినంత దూరం పోయి ఇచ్చి వచ్చారట మావయ్యగారు. తిరిగొచ్చాక రెండు రోజులు అన్నం ముట్టలేదట.

అలాంటి కారు 2009లో మావయ్యగారు పోయాక దిక్కులేనిదైపోయింది. మా వారు రెండేళ్ళు తిప్పారు. 2011లో ఆగిపోయిన బండిని కొట్టం పక్కన రేకుల షెడ్డులోకి తోసేశాం. తరువాత దాని మీద చేపల వలలు, ఎరువుల గోతాలు, పాత మంచం పట్టెలు పేరుకుపోయాయి. వెనక సీట్లో మా పిల్లి మూడు ఈతలు ఈనింది.

ఇక అసలు సంగతికొస్తాను. 2024 సంక్రాంతికి పాత ఇనుము కొనే అతను వచ్చి కారుకి పాతిక వేలు ఇస్తానన్నాడు. నేను లోపల చాలా సంతోషించాను. ఎందుకంటే మా వంటగది గట్టు ఇప్పటికీ పాత కడప రాయే. మధ్యలో పగిలి, ఆ సందులోకి బొద్దింకలు చేరుతున్నాయి. నల్ల గ్రానైటు వేయించుకోవాలని నాలుగేళ్ళుగా చీటీ కట్టి లక్షా ఇరవై వేలు కూడబెట్టాను. ఈ పాతిక వేలు కలిస్తే అలమారలు కూడా వస్తాయని నా లెక్క.

మా వారి లెక్క వేరు. "అమ్మడమెందుకే? ఆ ముసలి డీజిలింజను తీసేసి, ఏదైనా కొత్త కారు డీజిలింజను పెడదాం. పవర్ స్టీరింగు, ఏసీ కూడా పెట్టిస్తే దర్జాగా ఉంటుంది" అన్నారు. పైగా ఒక ఉదాహరణ. 1982లో ఎన్.టి. రామారావు గారు పాత షెవర్లే వ్యానుని బాగు చేయించి, చైతన్య రథం అని పేరు పెట్టి రాష్ట్రమంతా తిరగలేదా, ఆయన పుట్టిన నిమ్మకూరు మనకెంత దూరం అని. "ఆయన ముఖ్యమంత్రి కావడానికి తిరిగారు. మీరు ఎక్కడికి తిరుగుతారు, చేపల చెరువు గట్టుకా?" అన్నాను. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి ఫోనులో, "అమ్మా, డబ్బు దండగ, అమ్మేయండి" అన్నాడు. మా అమ్మాయి నా పక్షం. అత్తయ్యగారు మాత్రం ఏమీ అనలేదు. ఆవిడకి డెబ్భై ఏడేళ్ళు. వింటూ వత్తులు చేసుకుంటూ కూర్చున్నారు.

అమ్మాలన్నా, బాగు చేయాలన్నా ముందు కాగితాలు చూడాలి కదా. ఇనుప పెట్టెలోంచి ఆర్.సి. పుస్తకం తీశాం. చెదలు కొంచెం తిన్నాయి గాని అక్షరాలు కనిపిస్తున్నాయి. గుడివాడ నుంచి వచ్చిన మేస్త్రీ, "ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు పుస్తకంతో సరిచూడండమ్మా" అన్నాడు. మురికి పని కాబట్టి సహజంగానే నా మీద పడింది. పాత చీర ముక్కని డీజిల్లో ముంచి, ఇంజను దిమ్మ పక్కన పేరుకున్న జిడ్డంతా తుడిచాను. అంకెలు బయటపడ్డాయి. ఒక్క అంకె కూడా పుస్తకంతో కలవలేదు.

మా వారి మొహం పాలిపోయింది. మేస్త్రీ మాత్రం నవ్వి, "ఇది మెటాడోరు వ్యాను ఇంజనమ్మా. ఆ రోజుల్లో అందరూ ఇదే పని చేశారు" అన్నాడు. అప్పటి సంగతి ఆయన చెబితే తెలిసింది. అంబాసిడర్ కారు పుట్టింది పెట్రోలు బండిగా. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు మూసలో, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 1950ల చివరి నుంచి చేశారు. దాని పెట్రోలింజను 1489 సీసీ, నాలుగు సిలిండర్లు. మెత్తగా నడుస్తుంది గాని దాహం ఎక్కువ. ఆ కాలంలో ధరలు సర్కారే నిర్ణయించేది. పెట్రోలు కన్నా డీజిలు బాగా చవక. అందుకని టాక్సీల వాళ్ళు, రైతులు పెట్రోలింజను ఊడదీయించి వ్యాన్ల డీజిలింజన్లు పెట్టించుకునేవాళ్ళు. కంపెనీ వాళ్ళే తరువాత డీజిలు అంబాసిడర్ తెచ్చినా, దానికి దమ్ము చాలదని ఇలా బయట చేయించుకున్న వాళ్ళే ఎక్కువట.

మావయ్యగారు 1988లో చేయించారు. చేయించారు గాని ఆ సంగతి పుస్తకంలోకి ఎక్కించలేదు. ఇంజను మారిస్తే రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్.సి.లో నమోదు చేయించాలని మోటారు వాహనాల చట్టం. అంటే ఇన్నేళ్ళూ మేము పుస్తకంలో ఒక ఇంజను, బండిలో ఇంకో ఇంజను పెట్టుకుని తిరిగామన్నమాట!

"సరే, ఇక కాటాకి వేయడమే" అన్నాను నేను. పైకి విచారంగానే అన్నాను గాని మనసులో గ్రానైటు మెరిసింది.

అప్పుడు అత్తయ్యగారు వత్తుల పళ్ళెం పక్కన పెట్టి, "పాత ఇంజను ఎక్కడికీ పోలేదమ్మాయ్. కోళ్ళ గూడు కింద ఉంది" అన్నారు.

మేమందరం ఆవిడ మొహం చూశాం. కొట్టంలో ఓ మూల రెండు తాటి మొద్దుల మీద టార్పాలిను చుట్టిన దిమ్మ ఒకటి ఉండేది. దాని మీద కోళ్ళ గూడు. ఇరవై నాలుగేళ్ళుగా దాని చుట్టూ ఊడుస్తున్నాను. ఏదో పాత ఆయిలింజను అనుకున్నాను. ఎప్పుడూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. గూడు పక్కకి జరిపి టార్పాలిను విప్పితే, నల్లగా గడ్డకట్టిన గ్రీజు కింద పెట్రోలింజను. పక్కన గోనెపట్టాలో గేరుబాక్సు. మళ్ళీ చీరముక్క, మళ్ళీ డీజిలు. ఈసారి అంకెలన్నీ పుస్తకంతో కలిశాయి.

"దీన్ని ఎందుకు దాచారత్తయ్యా?" అని ఆ రాత్రి అడిగాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పారు. 1975లో కారు కొనడానికి డబ్బు చాలక, ఆవిడ పుట్టింటివాళ్ళు పెట్టిన ఇరవై కాసులపేరు అమ్మారట. "మళ్ళీ పంటకి చేయిస్తాను" అన్నారట మావయ్యగారు. ఆ తరువాత పంటకి ఉప్పెన వచ్చింది, ఆపై పంటకి ఆడపడుచు పెళ్ళి వచ్చింది, అలా ఎప్పుడూ ఏదో ఒకటి. ఆవిడ మళ్ళీ అడగలేదు. 1988లో ఇంజను మార్చినప్పుడు పాతదాన్ని కాటాకి వేస్తామంటే మాత్రం అడ్డం పడుకున్నంత పని చేశారట. "నా కాసులపేరు కరిగించి తెచ్చిందిరా అది. నా కళ్ళ ముందు ఉండనివ్వండి అన్నాను. ఏటా దసరాకి పాలేరు చేత గ్రీజు రాయించేదాన్ని. మీ మావయ్య పోయాక ఆ ఓపిక పోయింది" అన్నారు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అక్కయ్యలూ, నిజం చెప్పండి. మనలో ఎంతమంది గొలుసులు, గాజులు ట్రాక్టర్లుగా, చెరువు లీజులుగా, పిల్లల ఫీజులుగా మారలేదు? ఆ ట్రాక్టరు కాగితం మీద మన పేరుంటుందా? పొద్దున్నే లేచి మా వారితో, "కారు అమ్మొద్దు. కొత్త డీజిలింజనూ వద్దు. అత్తయ్యగారి ఇంజనే పెట్టిద్దాం. నా చీటీ డబ్బు తీసుకోండి. నాకు ఒకటే షరతు ఉంది, అది తరువాత చెబుతాను" అన్నాను.

మా వారు వెంటనే ఒప్పుకోలేదు. పెట్రోలుకి ఖర్చెక్కువ కదా అన్నారు. అప్పుడు మా అమ్మాయి లెక్క చెప్పింది. 2014 అక్టోబరులో డీజిలు ధర మీద సర్కారు పట్టు వదిలేశాక ఆ పాత తేడా కరిగిపోయింది, నెలకి రెండుసార్లు బయటికి తీసే బండికి అదొక లెక్కే కాదు అని. ఇంకో సంగతి మేస్త్రీ చెప్పాడు. మెటాడోరింజను బరువెక్కువ. అంబాసిడర్ ముందు భాగాన్ని మోసేవి టార్షన్ బార్లని పొడుగాటి కడ్డీలు. ఆ బరువుకి అవి అలిసిపోయి, ముక్కు కిందికి వాలిపోయింది. స్టీరింగు రాయిలా అయింది. వణుకుడికి డోర్ల దగ్గర రేకు చీలింది. "ఈ ఒంటికి ఆ ఇంజనే సరిపోతుందమ్మా" అన్నాడు.

50 ఏళ్ళు దాటిన బళ్ళకి 2021లో కేంద్రం వింటేజి రిజిస్ట్రేషన్ అని ఒకటి పెట్టింది. బండి మొదటి రూపంలో, పెద్ద మార్పులు లేకుండా ఉండాలి. పదేళ్ళకి ఇస్తారు. కాని ఆ బండిని రోజువారీ పనులకి రోడ్డెక్కించకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ మాత్రమే. మాకు గుడికీ పెళ్ళికీ తిరిగే బండి కావాలి గాని బొమ్మ కాదు. అందుకని మామూలు రెన్యువలే అనుకున్నాం. సొంత కారుకి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు, ఆ తరువాత తనిఖీ చేయించి 5 ఏళ్ళకోసారి పొడిగించుకోవచ్చు.

పని మొదలైంది. మేస్త్రీ ఆదివారాలు, సెలవు రోజులు వచ్చేవాడు. మిగతా రోజుల్లో ఊడదీయడం, తుడవడం, సర్దడం మాది. ఇక్కడ మన ఆడవాళ్ళ తెలివి ఎంత పనికొచ్చిందో చెబితే నమ్మరు. మగవాళ్ళు ఊడదీసిన నట్టూ బోల్టూ అన్నీ ఒకే బకెట్లో పడేస్తారు. నేను ఒప్పుకోలేదు. ఖాళీ హార్లిక్సు సీసాలు, పచ్చడి సీసాలు నలభై దాకా తెచ్చి, పిల్లల నోటుపుస్తకాల చీటీలు అంటించి, 'రేడియేటరు', 'ఎడమ ముందు బ్రేకు', 'గేరు కడ్డీలు' అని రాసి వరసగా పెట్టాను. వంటింట్లో పోపు డబ్బా ఎలాగో అలాగన్నమాట. ఏడాది తరువాత బిగించేటప్పుడు మేస్త్రీ ఒక్క బోల్టు కోసం వెతుక్కోలేదు.

వేపకొమ్మకి కప్పీ కట్టి మెటాడోరింజనుని పైకెత్తి తీశాం. కింద మూడు తాటి దూలాలు ముక్కాలిపీటలా నిలబెట్టి కొమ్మకి ఊతమిచ్చాం, అది విరిగితే మనిషి ప్రాణం పోతుంది కాబట్టి. ఇంజను తీశాక గాని తెలియలేదు, 1988లో ఎంత కోశారో! దాని కోసం పాత ఇంజను కూర్చునే కాళ్ళు గ్యాసుతో కోసేశారు. నేల మీద గేరు రాడ్డు రావడానికి ఫ్లోరుకి బొక్క పెట్టారు. వెనక చక్రాలకి బలాన్నిచ్చే ప్రొపెల్లర్ షాఫ్టుని కోసి పొట్టి చేశారు. ఇవన్నీ మళ్ళీ మొదటికి తేవాలి. అప్పుడు అత్తయ్యగారు అరుగు మీద కూర్చుని ఒక మాటన్నారు. "ఇంట్లోకి కొత్త మనిషి వస్తే గది ఒక్కటీ చూపిస్తే చాలదమ్మా, అందరూ కాస్త జరగాలి." ఆవిడ ఇంజను గురించే అన్నారో, ఇంకేమైనా అన్నారో నాకు తెలియదు.

పెట్రోలింజను పిస్టన్లు బిగుసుకుపోయాయి. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లోంచి డీజిలు, ఇంజనాయిలు సగం సగం కలిపి పోసి, పదిహేను రోజులు కదిలించకుండా ఉంచాం. రోజూ పొద్దున పాలు కాచాక ఒక గరిటెడు పోయడం నా డ్యూటీ. పదహారో రోజు మేస్త్రీ పొడుగు రాడ్డేసి మెల్లగా తిప్పితే కిర్రుమని వెంట్రుకవాసి కదిలింది. అత్తయ్యగారు చెంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

అక్కణ్ణుంచి ఇంజను విజయవాడ ఆటోనగర్ వెళ్ళింది. మీరు చూడకపోతే ఒకసారి చూడండి, దారులన్నీ లారీలు, లేతు మిషన్లు, స్ప్రింగులు, పాత గేరుబాక్సుల గుట్టలు. పాత బండికి దొరకని సామాను అక్కడ దొరుకుతుంది, దొరక్కపోతే చేసిస్తారు. సిలిండర్లు అరిగిపోతే కాస్త పెద్దవిగా బోరు కొట్టి, దానికి తగ్గ పెద్ద పిస్టన్లు వేశారు. క్రాంక్ షాఫ్టు గ్రైండింగు చేశారు. ప్రొపెల్లర్ షాఫ్టు పొడుగు సరిచేశారు. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది, 2017లో ఆ పేరుని 80 కోట్లకి ఫ్రాన్సు వాళ్ళ ప్యూజో కంపెనీ కొనుక్కుంది. అయినా గాస్కెట్లు, రింగులు మాకు దొరికాయి.

ఇక్కడ అందరూ గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి. ఈ ఇంజను నిద్రపోయినప్పుడు మన పెట్రోలులో సీసం కలిపేవారు. ఆ సీసం వాల్వులు కూర్చునే చోటుకి మెత్తలా పనిచేసేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. అందుకని హెడ్డులో గట్టి రకం వాల్వు సీట్లు వేయించాం. అలాగే ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. పాత రబ్బరు దానికి ఉబ్బి, పగులుతుంది. పెట్రోలు పైపులు, పంపులో డయాఫ్రం, కార్బురేటరు వాషర్లు అన్నీ దానికి తట్టుకునేవి మార్చాం. ముప్పై ఆరేళ్ళు పడుకుని లేచిన మనిషికి ఇప్పటి తిండి అలవాటు చేయడం లాంటిది.

బాడీ సంగతి ఇంకో కష్టం. లారీకి ఉన్నట్టు ఈ కారుకి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే దాని ఎముకల గూడు. మా చెరువుల గాలికి కింది రేకులు అప్పడాల్లా అయిపోయాయి. చిల్లుల మీద అతుకులు వేస్తే లాభం లేదని, ఫ్లోరు కోసేసి కొత్త రేకు వెల్డింగు చేయించాం. రంగు గుడివాడలో వేయించాం, మళ్ళీ పాలమీగడే. బంపర్ల నిగారింపుకి మాత్రం డబ్బు పెట్టలేదు. చపాతీలు చుట్టే అల్యూమినియం కాగితాన్ని ఉండ చేసి నీళ్ళలో ముంచి రుద్దితే పైపై తుప్పు పోయి తళతళలాడాయి. మీ ఇంట్లో తుప్పు మచ్చలు పడిన పాత కుళాయిలకి కూడా ఇది పనిచేస్తుంది, మెల్లగా రుద్దాలి. రేడియేటరు ఇత్తడి భాగానికి పూజ సామానుకి లాగే చింతపండు వేసి తోమాను. సీట్లు నేనే కుట్టాను. లోపల స్ప్రింగులు, వాటి మీద కొబ్బరి పీచు, పైన మెరూన్ రెక్సిను. నా కుట్టుమిషనుకి 18 నంబరు సూది, నైలాను దారం పెట్టి, కుట్టు పొడుగు పెంచితే రెక్సిను చిరగకుండా పడింది. చక్రం చేత్తో తిప్పుతూ కుట్టాలి, కాలితో తొక్కితే సూది విరుగుతుంది. నాకు నాలుగు సూదులు విరిగాక తెలిసింది.

ఖర్చు అడుగుతారని నాకు తెలుసు. చాకలి పద్దుల పుస్తకంలోనే వెనక నుంచి రాశాను. ఇంజను పని 42,000. గేరుబాక్సు, క్లచ్చి, ప్రొపెల్లర్ షాఫ్టు 18,500. రేకు, వెల్డింగు, రంగు 46,000. బ్రేకులు, టైర్లు, బ్యాటరీ 34,500. వైరింగు, పైపులు, రబ్బర్లు 11,000. రెక్సిను, పీచు 6,500. మేస్త్రీ కూలి 30,000. మొత్తం 1,88,500. మెటాడోరింజనుని చెరువులకి నీళ్ళు తోడే ఆయన 22,000కి కొనుక్కున్నాడు. పోగా 1,66,500. అందులో నా చీటీ డబ్బు 1,20,000, మిగతా 46,500 మా వారు దాళ్వా ధాన్యం డబ్బులో వేశారు. నా గ్రానైటు గట్టు బోరు కొట్టించుకుని, పిస్టన్లు వేసుకుని కూర్చుందన్నమాట.

2025 జనవరిలో ఇంజను మళ్ళీ దాని చోట్లో దిగింది. హెడ్డు బోల్టులు బిగించేటప్పుడు ఒక మూల నుంచి బిగించకూడదట. మధ్యలో మొదలుపెట్టి అంచులకి రావాలి, అదీ ఒకేసారి కాదు, మూడు విడతల్లో. చపాతీ మధ్యలోంచి అంచుకి ఒత్తినట్టు. లేకపోతే గాస్కెట్టు వంకర పోయి నీళ్ళూ ఆయిలూ కలిసిపోతాయి.

ఆ రోజు సెల్ఫు కొడితే రెండుసార్లు గరగరమని ఆగిపోయింది. బ్యాటరీ దిగిపోయింది. మా వారు డీలాపడిపోయారు. అత్తయ్యగారు లోపలికి వెళ్ళి, తన మంచం కింద నుంచి వంకర ఇనుప కడ్డీ ఒకటి తెచ్చారు. ముందు బంపరు రంధ్రంలోంచి పెట్టి తిప్పే స్టార్టింగు హ్యాండిలు! అదీ దాచారు ఆవిడ. మేస్త్రీ మా వారికి చూపించాడు. బొటనవేలు కడ్డీ చుట్టూ తిప్పి పట్టుకోకూడదు, మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి, పైకే లాగాలి, ఇంజను ఎదురు తన్నితే చెయ్యి విరుగుతుంది. మూడో లాగుకి దగ్గింది. అయిదో లాగుకి అందుకుంది. మెటాడోరుకి ఉన్న ఆ దడదడ లేదు. కుట్టుమిషను తొక్కినట్టు మెత్తగా, సన్నగా ఒకే చప్పుడు. కోళ్ళు మాత్రం చెల్లాచెదురుగా పారిపోయాయి.

ఇప్పుడు నా షరతు. మావయ్యగారు పోయి పదిహేనేళ్ళయినా ఆర్.సి. ఆయన పేరు మీదే ఉంది. యజమాని పోతే మూడు నెలల్లోగా వారసుల పేరుకి మార్పించుకోవాలి, 31వ నంబరు ఫారం ఉంటుంది. ఆ పని మేము చేయలేదు. మా వారు తన పేరున పెట్టిద్దాం అనుకున్నారు. "కారు అత్తయ్యగారి పేరు మీద ఉండాలి. అదే నా షరతు" అన్నాను. మా ఆడపడుచు పక్క ఊరి నుంచి వచ్చి నిరభ్యంతరం కాగితం మీద మారు మాట్లాడకుండా సంతకం పెట్టింది. ఆఫీసు దగ్గర కాగితాలు నింపే ఒకాయన, "లైసెన్సు లేని ముసలావిడ పేరున కారెందుకమ్మా?" అన్నాడు. బండి నడపడానికి లైసెన్సు కావాలి గాని, బండి సొంతానికి అక్కర్లేదు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆలస్యానికి అపరాధ రుసుము కట్టాం, తనిఖీకి రెండుసార్లు తిరిగాం. మొదటిసారి చేతి బ్రేకు పట్టలేదని తిప్పి పంపారు, అది న్యాయమే. ఇంజను నంబరు మాత్రం మొదటి చూపులోనే పుస్తకంతో కలిసింది.

ఫిబ్రవరి మొదటి వారంలో ఆర్.సి. వచ్చింది. మా అమ్మాయి ఫోనులో తెరిచి చూపిస్తే అత్తయ్యగారు కళ్ళజోడు సవరించుకుని తన పేరు తానే పైకి చదువుకున్నారు. రెండుసార్లు చదివారు. "పొలం పట్టా మీద కూడా లేదమ్మాయ్ నా పేరు" అన్నారు. అంతే. ఇంకేమీ అనలేదు. ఆ రోజు ఆవిడే వంటింట్లోకి వచ్చి నాకిష్టమని గుమ్మడికాయ దప్పళం పెట్టారు.

ఫిబ్రవరి 12 మాఘ పౌర్ణమి. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట, హంసలదీవిలో స్నానం చేయాలని ఆవిడకి ఎప్పటి నుంచో ఉంది. తెల్లవారుజామున బయలుదేరాం. గుడివాడ, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు. ఇన్నేళ్ళూ ఆవిడ ఎప్పుడూ వెనక సీటే. మొదటిసారి ముందు సీట్లో కూర్చున్నారు. కోడూరు దాటాక, "ఉప్పెనప్పుడు మీ మావయ్య ఈ దారి పట్టుకుని వచ్చారు. ఇక్కడిదాకా రాలేకపోయానని చాలా రోజులు బాధపడ్డారు" అన్నారు. స్నానం చేసి, వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర కారు పక్కనే నీడలో కూర్చుని తిన్నాం. తిరుగు దారిలో ఇంజను కొంచెం వేడెక్కితే పామర్రులో అరగంట ఆపి, చల్లారాక రేడియేటర్లో నీళ్ళు పోసుకుని మెల్లగా ఇల్లు చేరాం. "ఎలా ఉందత్తయ్యా సీటు?" అని అడిగాను గర్వంగా. "పీచు ఎడం పక్క ఎక్కువైంది, విప్పి మళ్ళీ కుట్టు" అన్నారు.

ఇది చదివి అందరూ పాత కార్లు బాగు చేయమని నేను చెప్పను. అది ఖర్చు, ఓపిక, మంచి మేస్త్రీ ఉంటేనే కుదిరే పని. కాని మీ ఇంట్లో బండి ఏదైనా సరే, స్కూటరైనా సరే, ఒక్కసారి ఆర్.సి. బయటికి తీసి ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు సరిచూడండి. ఇన్సూరెన్సు తేదీ చూడండి. పోయినవాళ్ళ పేరు మీద ఉంటే మార్పించండి. ఆ పని చేసేటప్పుడే, దానికి పోసిన డబ్బు ఎవరి ఒంటి మీద నుంచి వచ్చిందో కూడా ఇంట్లో అడగండి.

మొన్న మా వారు తనంతట తానే వంటగది గట్టు కొలతలు తీసుకున్నారు. ఈ దాళ్వా డబ్బు రాగానే వేయిస్తానన్నారు. నేను "సరేనండీ" అని, పద్దుల పుస్తకంలో తేదీ వేసి, ఆయన చేత సంతకం పెట్టించుకున్నాను.